నలభై రెండో రోజు

నేను సిగరెట్ మానేసినన్నిసార్లు మా భవానీపురంలో ఇంకెవరూ మానేసి ఉండరు. ఏడేళ్ళలో ఏడుసార్లు మానేశాను. ప్రతిసారీ సరిగ్గా నలభై ఒక్క రోజులు. కార్తీకంలో భవానీ దీక్ష తీసుకునే రోజు పొద్దున్నే, చన్నీళ్ళ స్నానానికి ముందు చివరిది తాగేవాణ్ణి. మార్గశిరంలో ఇరుముడి నెత్తిన పెట్టుకుని అమ్మవారి కొండెక్కి, మాల తీయించుకుని దిగి, ఇల్లు చేరేలోపే మా వీధి మొదట్లో ఉన్న బడ్డీకొట్టు దగ్గర మళ్ళీ మొదటిది వెలిగించేవాణ్ణి. మధ్యలో ఒక్కటి లేదు, ఒక్క దమ్ము లేదు. దొంగచాటుగా కూడా లేదు.

నలభై ఒక్క రోజులు ఉండగలిగినవాడు నలభై రెండో రోజు ఎందుకు ఉండలేడని అందరూ అడిగేవాళ్ళు. డాక్టరు అడిగాడు, మా ఆవిడ అడిగింది, ఆఖరికి సిగరెట్ అమ్మే బడ్డీకొట్టాయన కూడా అడిగాడు. జవాబు నాకు తెలిస్తే కదా చెప్పడానికి. అమ్మవారంటే భయం, మాల మెడలో ఉన్నంతసేపు ఆ భయం పనిచేస్తుంది, తీస్తే పోతుంది అని చెప్పేవాణ్ణి. నిజంగా అదే అనుకునేవాణ్ణి కూడా.

నాది చీరల మ్యాచింగ్ దుకాణం. ఆడవాళ్ళు చీర తెచ్చిస్తే దానికి సరిపోయే జాకెట్టు ముక్క, ఫాల్, లంగా వెతికి ఇవ్వడం నా పని. ట్యూబులైటు కింద కనిపించే రంగును నమ్మకూడదు. చీరనీ ముక్కనీ పట్టుకుని గుమ్మం బయటికి వచ్చి, పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ వంకతో రోజుకు నలభైసార్లు బయటికి వచ్చేవాణ్ణి. నలభైలో సగంసార్లు చేతిలో చీర ఉండేది కాదు, సిగరెట్ ఉండేది. ఒకసారి ఒకావిడ కూతురి పెళ్ళిచీర తెచ్చింది. నేను బయటికి తీసుకెళ్ళి, రంగు కుదిర్చి, గర్వంగా తెచ్చిచ్చాను. ఆవిడ చీర ముక్కు దగ్గర పెట్టుకుంది. మడత పెట్టుకుని వెళ్ళిపోయింది. జాకెట్టు ముక్క బల్ల మీదే ఉండిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ బాధ పోవడానికి ఏం చేశానో చెప్పక్కర్లేదు, బయటికెళ్ళి ఇంకోటి వెలిగించాను.

నా రోగమంతా అదే. సిగ్గేస్తే తాగుతాను, భయమేస్తే తాగుతాను, తాగినందుకు సిగ్గూ భయమూ వేస్తాయి, మళ్ళీ తాగుతాను. పెట్టె మీద వేసే ఆ కుళ్ళిన నోటి బొమ్మ చూసి ఒకసారి చేతులు వణికాయి. వణుకు తగ్గాలని అందులోంచే ఒకటి తీశాను. తరువాత నుంచి వేరే బొమ్మ ఉన్న పెట్టె ఇమ్మని అడిగేవాణ్ణి.

మాకు ఒక్కతే కూతురు. దానికి చిన్నప్పటి నుంచీ ఆయాసం. చలికాలం వస్తే ఛాతీలో పిల్లికూతలు వినిపించేవి. మాది రెండు గదుల వాటా. ముందు గదిలో కూతురి చాప, నా చాప పక్కపక్కనే ఉండేవి. ఎనిమిదేళ్ళప్పుడు దానికొక అలవాటయింది. నేను ఇంట్లోకి రాగానే గుమ్మం దగ్గరికి వచ్చి, నా చొక్కా జేబుకి ముక్కు ఆనించి ఒక్కసారి పీల్చేది. తరువాత వెళ్ళి తన చాప చుట్టుకుని వంటింట్లోకి మారిపోయేది. అది అలక కాదు, దానికి ఊపిరి ఆడాలి. నాకు మాత్రం అలకలాగానే కనిపించేది. నేనొస్తే లేచిపోతుందా ఇది అని మా ఆవిడ మీద అరిచేవాణ్ణి. సిగ్గుపడాల్సిన చోట కోపం తెచ్చుకోవడం నాకు బాగా చేతనైన విద్య.

అది పదో తరగతిలో ఉండగా మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని పిల్ల నెత్తిన పెట్టించి ఒట్టు వేయించింది. ఆ ఒట్టు నాలుగు రోజులు నిలిచింది. అయిదో రోజు నుంచి పిల్లకి జ్వరమొచ్చినా, బస్సు ఆలస్యమైనా, నేను ఒట్టు తప్పినందుకే ఏదో అవుతుందని గుండె దడదడలాడేది. ఆ దడకి అప్పటికి నాకు తెలిసిన మందు ఒక్కటే. ఒట్టు వేయకముందు రోజుకు పది తాగేవాణ్ణి, వేశాక పదిహేను అయ్యాయి. ఈ సంగతి మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు. ఇప్పుడిలా రాస్తున్నాను కాబట్టి తెలుస్తుంది.

కూతుర్ని పామర్రు దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబంలో ఇచ్చాం. మంచి మనుషులు. రెండేళ్ళ కిందట, ఆశ్వయుజంలో, దానికి ఏడో నెల నడుస్తుండగా మా ఆవిడ కానుపుకి ఎప్పుడు తీసుకొద్దామా అని రోజులు చూస్తోంది. తొలికానుపు పుట్టింట్లో జరగడం మా వాళ్ళలో మాట్లాడుకోనవసరం లేని విషయం. ఆ వారంలోనే అమ్మాయి ఫోన్ చేసి, అమ్మకి కాదు, నాకిమ్మంది.

"నాన్నా, కోపంతో చెప్పట్లేదు. ఇంట్లో ఆ వాసన ఉంటే నేను రాలేను. కోతలున్నా సరే, ఇక్కడే మా అత్తగారు చూసుకుంటారు. ఇన్నాళ్ళూ నా ఊపిరి సంగతే కదాని ఊరుకున్నా. ఇప్పుడు పుట్టేదాని సంగతి చూడాలిగా."

సరేనమ్మా అన్నాను. మా ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. పిల్ల తొలికానుపు అత్తింట్లో జరిగితే ఎందుకని అందరూ అడుగుతారు, ఆవిడేం చెప్పాలి? మా ఆయన సిగరెట్ల వల్ల అనా? అయినా ఆవిడ బాధ జనం అడుగుతారని కాదు. పురిటి నీళ్ళు తన చేత్తో పోయాలని ఆవిడ ఎన్నేళ్ళ నుంచో అనుకుంటోంది.

కార్తీకం ఇంకా మూడు వారాలుంది. ఆగకుండా ఆ రోజే మానేద్దామనుకున్నాను. మానేశాను. సాయంత్రానికి కాలు కాలిన పిల్లిలా తిరిగాను. లవంగాలు నమిలాను, చూయింగ్ గమ్ నమిలాను. మనవడో మనవరాలో ఊపిరాడక గిలగిల్లాడుతున్నట్టు ఊహించుకుని నన్ను నేను భయపెట్టుకున్నాను. ఎంత భయపెట్టుకుంటే అంత తొందరగా బడ్డీకొట్టు దగ్గర తేలాను. ఆ మూడు వారాల్లో నాలుగుసార్లు మానేశాను, నాలుగుసార్లూ రెండో రోజు దాటలేదు. ఆఖరికి, మాల వేసుకుంటే అదే ఆగిపోతుందిలే అని కార్తీకం కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాను.

అదే ఆగిపోయింది కూడా. ఎనిమిదోసారి మాల మెడలో పడిన రోజు నుంచి సిగరెట్ ఊసే లేదు.

కృష్ణ ఒడ్డున, మా ఇంటికి మూడు వీధుల అవతల ఒక రేకుల షెడ్డులో మా పీఠం పెట్టేవాళ్ళు. ఇరవై మందిమి. ఆటో నడిపేవాళ్ళు, పూల కొట్టు ఆయన, ఒక బడి పంతులు, నేను. బస్సు డ్రైవరుగా రిటైరైన పెద్దాయన మాకు గురుభవాని. అందరూ ఎర్ర బట్టల్లోనే. ఎరుపుల్లో ఎన్ని ఎరుపులున్నాయో నాకు తెలుసు కాబట్టి, ఎవరి లుంగీ ఏ ఛాయలో వెలిసిందో చెప్పి ఏడిపించేవాణ్ణి. పొద్దున్నే నదిలో స్నానం, పూజ, మధ్యాహ్నం ఒకపూట భిక్ష, సాయంత్రం భజన. పులిహోరకి చింతపండు పిండడం నా వంతు. భజనలో పెద్దాయన ఒక వరస ఎత్తితే రెండో వరస అందుకోవడం కూడా నా వంతే. నా గొంతు అంత గొప్పదేం కాదు. కానీ రెండో వారానికి దగ్గు తగ్గేది, మూడో వారానికి చరణం మొత్తం ఒక్క ఊపిరిలో పాడగలిగేవాణ్ణి. పాడాక పక్కవాడు నా వైపు చూసి తలూపేవాడు. యాభై నాలుగేళ్ళ మనిషికి అదేమంత సంతోషమా అనుకోవచ్చు. నాకు చాలా సంతోషంగా ఉండేది.

ముక్కు కూడా తిరిగొచ్చేది. దుకాణంలో కొత్త గుడ్డ తాను విప్పితే గంజి వాసన తగిలేది. మాది బందరు వైపు నేత కుటుంబం. మా నాన్న నూలుకి గంజి పెట్టి ఎండలో చాపిన రోజుల్లో ఇల్లంతా ఆ వాసనే. ఏడాదిలో పది నెలలు నాకు ఆ వాసన ఉందన్న సంగతే తెలిసేది కాదు. మాల ఉన్నన్నాళ్ళు తాను విప్పినప్పుడల్లా మా నాన్న గుర్తొచ్చేవాడు. దుకాణానికి వచ్చిన ఆడవాళ్ళు భవానీ, ఇది చూడండి భవానీ అని మర్యాదగా పిలిచేవాళ్ళు. ఇంట్లో మా ఆవిడ కూడా భవానీ అనే అనేది, నేనూ ఆవిణ్ణి భవానీ అనే అనేవాణ్ణి. ఆ నలభై ఒక్క రోజుల్లో మా ఇంట్లో ఎవరూ ఎవరి మీదా అరిచి ఎరగం.

తొమ్మిదో నెల పెట్టాక మా ఆవిడ పామర్రు వెళ్ళి అమ్మాయిని తీసుకొచ్చింది. నేను పీఠం నుంచి వచ్చేసరికి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పొట్ట అడ్డం వస్తుంటే కొంచెం పక్కకి తిరిగి, ఎర్ర చొక్కాకి ముక్కు ఆనించి పీల్చింది. "సాంబ్రాణి" అంది నవ్వుతూ. ముందు గదిలోనే మంచం వేయించుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ముప్పై ఎనిమిదో రోజున గుండెల్లో రాయి పడింది. డాక్టరు చెప్పిన కానుపు తేదీకీ, మాల తీసే రోజుకీ మధ్య పది రోజులున్నాయి. ఆ పది రోజుల సంగతేమిటి? ఏడుసార్లు కొండ దిగాను, ఏడుసార్లూ ఇల్లు చేరకముందే వెలిగించాను. ఎనిమిదోసారి మాత్రం వెలిగించనని ఏం నమ్మకం? పులిహోరలో చింతపండు పిండుతూ, భజనలో పాడుతూ, అదే ఆలోచన. పాడుతున్న పాట మధ్యలో ఆపేశాను కూడా.

అప్పుడు నాకొక బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. మాల తీయకపోతే సరి.

పెద్దాయనకి ఇంకో మండలం మొక్కుకున్నానని అబద్ధం చెప్పాను. ఆయన నా ముఖం చూశాడు. "వేసుకోవడం ఎంత నియమమో తియ్యడం కూడా అంతే భవానీ. అందరితో పాటు ఎక్కి దింపుకుంటే బాగుంటది. ఆపైన మీ ఇష్టం" అన్నాడు. నా ఇష్టమే చేశాను. ఇంట్లో చెబితే మా ఆవిడ మొదట సంతోషించింది. తరువాత, "మరి కానుపైతే ఎట్టా అండీ? మాలతో పురుటింట్లో అడుగు పెట్టకూడదు కదా" అంది.

ఆ సంగతి నా బుర్రకి తట్టనేలేదు. పెళ్ళయిన కూతురి పురుడు నాకు అంటదు, నిజమే. కానీ పురుడున్న ఇంట్లోకి మాల వేసుకున్నవాడు వెళ్ళకూడదు. పుట్టినదాన్ని ముట్టుకోకూడదు. మాల తీస్తే ముట్టుకోవచ్చు, కానీ తీస్తే తాగుతాను, తాగితే అమ్మాయి ముట్టుకోనివ్వదు. ఎటు తిరిగినా గోడే. కానుపయ్యి పురుడు పదకొండు రోజులూ వెళ్ళేదాకా షెడ్డులో ఉంటాను, తరువాత చూద్దాం అని గంభీరంగా చెప్పి, చాప చంకన పెట్టుకుని బయల్దేరాను.

విరమణ రోజు మిగతా పంతొమ్మిది మందీ డప్పులతో కొండకి వెళ్ళారు. మధ్యాహ్నానికి బోసి మెడలతో వచ్చి, పాత్రలు సర్దుకుని, ఎవరి ఇంటికి వాళ్ళు పోయారు. షామియానా విప్పేశారు. రేకుల షెడ్డులో అమ్మవారి పటం, దీపం, నేను మిగిలాం. పెద్దాయన పొద్దున ఒకసారి వచ్చి దీపం చూసి వెళ్ళేవాడు. నా అన్నం నేనే వండుకునేవాణ్ణి. ఒక్కడి కోసం పులిహోర ఎవరు కలుపుతారు? పప్పూ అన్నమూ తినేవాణ్ణి. సాయంత్రం రెండుసార్లు పాడబోయాను. మొదటి వరస ఎత్తేవాడు లేకపోతే రెండో వరస పాడడం నాకు రాదని అప్పుడు తెలిసింది.

నలభై రెండో రోజు బాగానే గడిచింది. నలభై నాలుగో రోజు సిగరెట్ గుర్తొచ్చింది. మాల మెడలో ఉండగా ఎప్పుడూ రాని కోరిక అది. నలభై ఆరో రోజు నా కాళ్ళు నన్ను బడ్డీకొట్టు దగ్గరికి తీసుకెళ్ళాయి. ఎర్ర బట్టలతో, చెప్పులు లేకుండా వెళ్ళి నిలబడ్డాను. ఏం కావాలి భవానీ అని కొట్టాయన లేచి నిలబడి అడిగాడు. ఆ మర్యాదకి ముఖం చెల్లక రెండు అరటిపళ్ళు తీసుకుని వచ్చేశాను. మర్నాడూ రెండు అరటిపళ్ళే. షెడ్డు నిండా అరటిపళ్ళు చేరాయి.

నలభై ఎనిమిదో రోజు పొద్దున రేవు మెట్ల మీద ఎవరో ఒకాయన కూర్చుని సిగరెట్ కాలుస్తున్నాడు. నేను స్నానం చేసి వస్తున్నాను. నాలుగు మెట్లు ఎక్కి ఆగాను. గాలి ఆయన వైపు నుంచి నా వైపు వస్తోంది. కదల్లేదు. మెడలో మాల, నుదుట కుంకుమ, చేతిలో తడి బట్టలు, ఇంకొకడి పొగ కోసం ముక్కు చాపుకుని నిలబడ్డాను. ఆయన ఆరిపోయిన ముక్క నీళ్ళలో పారేసి వెళ్ళేదాకా అక్కడే ఉన్నాను. నా జీవితంలో అంత హీనంగా ఎప్పుడూ అనిపించలేదు.

షెడ్డుకి వచ్చి కూర్చున్నాను. అదే మాల, అవే బట్టలు, ఎదురుగా అదే అమ్మవారు. భయమే నన్ను ఆపేదైతే ఇప్పుడు ఇంకా ఎక్కువ ఆపాలి, ఎందుకంటే ఇంత భయం నాకు ఎప్పుడూ లేదు. మరి అప్పుడు ఉన్నదేమిటి, ఇప్పుడు లేనిదేమిటి? ఇరవై మంది లేరు. పాట లేదు. చింతపండు పిండే పని లేదు. మంచిగా పిలిచే నోరు లేదు. అంటే ఆ నలభై ఒక్క రోజులూ నన్ను ఆపింది భయం కాదు. నేను సంతోషంగా ఉన్నాను, అంతే. సంతోషంగా ఉన్నవాడికి సిగరెట్‌తో పనిలేకపోయింది. మాల తీశాక ఆ మనుషులూ ఆ పాటా ఒక్కపూటలో మాయమైతే, ఆ ఖాళీలో నేను సిగరెట్ పెట్టేవాణ్ణి. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఊపిరితిత్తుల బొమ్మలు చూపించినవాళ్ళే గాని, అప్పుడెందుకంత హాయిగా ఉన్నావయ్యా అని ఒక్కరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు.

తెలిస్తే మాత్రం ఏం లాభం? రేకుల షెడ్డులో ఒంటరిగా కూర్చున్నవాడికి సంతోషం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ కోపంలో ఉండగానే మా ఆవిడ ఫోన్ చేసింది. ఆసుపత్రిలో ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం అని చెప్పి, వెంటనే పెట్టేసింది. నేను అమ్మవారి పటం ముందు కూర్చుని ఏడ్చాను. ఇదే ఊళ్ళో పుట్టింది, వెళ్ళలేను. ఆ రోజూ మర్నాడూ ఫోన్‌లో వచ్చిన ఫొటోలు చూస్తూ కూర్చున్నాను. గుడ్డలో చుట్టిన ఎర్రటి ముఖం, మూసిన కళ్ళు. ఫోన్ ఛార్జింగ్ అయిపోయేదాకా చూసి, పెట్టుకుని, మళ్ళీ చూసేవాణ్ణి.

మూడో రోజు పొద్దున వాళ్ళు ఇంటికి వచ్చారు. తొమ్మిదింటికి అమ్మాయి ఫోన్ చేసింది.

"ఎప్పుడొస్తావు నాన్నా?"

మాలలో ఉన్నాను కదా, పదకొండు రోజులు కాగానే వస్తానని చెప్పాను.

"మాల ఎప్పుడో తియ్యాలిగా. ఎందుకు తియ్యలేదో నాకు తెలుసు. అమ్మక్కూడా తెలుసు."

ఇక దాచడానికేముంది. "తీస్తే తాగుతానమ్మా. ఏడుసార్లూ అదే అయింది" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

అమ్మాయి పక్కన పిల్ల మూలుగు వినిపించింది.

"తాగితే తాగుతావు. గుమ్మం దగ్గరే నిలబడి చూసెళ్దువుగాని. రేపు తాగకుండా ఉంటే లోపలికి వద్దువుగాని. కానీ రా నాన్నా. దీనికి నీ చెవులే వచ్చినయ్యి. రెండూ బయటికి నిలబడి ఉన్నయ్యి."

నవ్వొచ్చింది. చిన్నప్పుడు బళ్ళో నా చెవుల్ని చేటలనేవాళ్ళు. అవే చెవులు ఆ గుడ్డలో చుట్టిన దానికి. ఎంత నవ్వానంటే, వారం రోజులుగా గొంతులో పట్టుకుని కూర్చున్న కోరిక ఆ నవ్వుతున్నంతసేపు ఎక్కడుందో తెలియలేదు. గొంతు సర్దుకున్నాక వెతికి చూశాను. చాలా చిన్నదై ఒక మూల ఉంది.

పెద్దాయన ఇంటికి పరుగెత్తినట్టే వెళ్ళి, మొక్కు అబద్ధమని చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు. ఇరుముడి కట్టి నా నెత్తిన పెట్టి, తనూ నాతో పాటు కొండెక్కాడు. ఇద్దరమే. డప్పులు లేవు. దారంతా ఆయన సన్నగా ఒక వరస ఎత్తుతుంటే నేను రెండోది అందుకుంటూ ఎక్కాను. పైన దర్శనమయ్యాక ఆయనే నా మెడలోంచి మాల తీసి అరచేతిలో పెట్టాడు.

నేను ఎర్ర బట్టలు మార్చుకున్నాక, కొండ దిగుతుంటే, "ఏవయ్యా" అన్నాడు. ఏడాదికోసారి నేను భయపడే పిలుపు అది. భవానీ గారు పోయి ఏవయ్యా మిగిలే క్షణం. "ఏవయ్యా, ఏడాది పొడుగునా సాయంత్రం పూట మా అరుగు మీద నేనొక్కణ్ణే పాడుకుంటన్నా. రెండో వరసకి మనిషి లేడు. పురుడెళ్ళాక రా" అన్నాడు. ఎనిమిదేళ్ళలో ఆ అరుగు మీద నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు.

ఆయన్ని ఇంటి దగ్గర వదిలి మా వీధి మొదటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. తెల్ల చొక్కా, బోసి మెడ చూసి కొట్టాయన మామూలుగా నా పెట్టె తీసి గాజు సీసాల మీద పెట్టాడు. ఆయన తప్పేం లేదు, ఏడేళ్ళుగా నేను నేర్పిన పాఠమే అది. పెట్టె వైపు చూశాను. నోట్లో నీళ్ళూరాయి. అబద్ధమెందుకు చెప్పాలి, చెయ్యి కూడా కదిలింది.

మనవరాలు పుట్టింది అన్నాను. మా ఇద్దరి మధ్యా సిగరెట్ పేరు తప్ప ఇంకో మాట నడవడం అదే మొదలేమో. కొట్టాయన పెట్టె పక్కకి జరిపి, చాక్లెట్ల సీసా మొత్తం నా ముందు పెట్టాడు. ఎవరి పోలిక అని అడిగాడు. చెవులు చూపించాను. అక్కడ టీ తాగుతున్న నలుగురూ నవ్వారు. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు చాక్లెట్లు పంచుతూ, బరువెంత, రంగేమిటి, జుట్టుందా అని అడిగినవన్నీ నేను ఇంకా చూడకుండానే చెప్పేశాను. అరగంట నిలబడ్డాను. పెట్టె అక్కడే ఉంది.

ఆ పూటతో అంతా అయిపోయిందని చెప్పను. తరువాతా కోరిక పుట్టింది, ఈ మధ్య కూడా ఒకరోజు దుకాణం గుమ్మంలో చీర పట్టుకుని నిలబడి ఉండగా పుట్టింది. రెండేళ్ళయినా మానేశానని పెద్దగా అనను. కోరిక పుట్టినప్పుడు నన్ను నేను భయపెట్టుకోవడం మాత్రం మానేశాను. సాయంత్రమైతే ఆ అరుగు మీదికి వెళతాను, పగలైతే కొత్త తాను ఒకటి విప్పి వాసన చూస్తాను. కోరిక కొంచెంసేపు ఉండి, దానంతటదే వెళ్ళిపోతుంది.

ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాను. గుమ్మం దగ్గరే ఆగాను. మా ఆవిడ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, నా ముఖంలోకి చూసింది. ముందు గదిలో మంచం మీద అమ్మాయి, పక్కన తెల్ల గుడ్డలో ఆ చెవులు. రమ్మని చెయ్యి ఊపింది. మంచం దగ్గరికి వెళ్ళి వంగాను. అమ్మాయి నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుని, జేబుకి ముక్కు ఆనించి పీల్చింది. నేను ఊపిరి బిగబట్టాను. తాగలేదని నాకు తెలుసు, అయినా బిగబట్టాను.

అది పిల్లని చేతుల్లోకి తీసుకుని గోడవైపు మెల్లగా జరిగి, మంచం మీద నాకు చోటు చేసింది.